రిహార్సల్ గదిలో పాల్ రోబ్సన్

పాల్ రోబ్సన్ పేరు చెప్పగానే మనలో చాలామందికి ముందు ఆ గొంతు గుర్తొస్తుంది. తర్వాత అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కున్న సంగతి, 1956లో విచారణ కమిటీ ముందు ఆయన తల వంచకుండా జవాబు చెప్పిన సంగతి గుర్తొస్తాయి. గాయకుడు, ఉద్యమకారుడు అనే ఈ రెండు బొమ్మల మధ్య ముప్పై ఏళ్ల పని ఉంది. ఆ పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

రోబ్సన్ బతుకుతెరువు రంగస్థలం. తెల్లవాళ్లు రాసిన నాటకాల్లో, తెల్లవాళ్లు బాణీ కట్టిన పాటల్లో, ఎక్కువగా తెల్లవాళ్లే కూర్చున్న హాళ్లలో ఆయన నల్లవాడి పాత్ర వేశారు. తన జాతి గురించి ఇతరులు ఊహించి రాసిన మాటల్ని తన నోటితో పలకాల్సి వచ్చింది. ఏ మాట ఒప్పుకోవాలి, ఏది మార్చాలి, ఏ వేషం వద్దనాలి అన్న ప్రశ్న ఆయనకు తెర లేచిన రోజున మొదలైంది కాదు. అంతకు వారాల ముందే రిహార్సల్ గదిలో మొదలయ్యేది. మేము ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఆ గదిలోంచి చూస్తున్నాం.

దీనికి మా కారణం మాకుంది. యూనివర్సిటీల్లో సాంస్కృతిక బృందాలతో తిరిగినప్పుడల్లా ఇదే ప్రశ్న మాకు ఎదురైంది. నాటకంలో పాలేరు వేషం ఎవరికి వెళుతుంది, జమీందారు వేషం ఎవరికి వెళుతుంది? ర్యాలీకి ముందు డప్పు కొట్టడానికి మన పిల్లల్ని పిలిచేవాళ్లు స్క్రిప్టు రాసేటప్పుడు ఎందుకు పిలవరు? మన గురించి సానుభూతితోనే రాసిన పాత్ర అయినా, అందులో ఒక్క మాట గొంతులో ముల్లులా అడ్డుపడితే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు రోబ్సన్ దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఆయన చాలా ఏళ్లు తడుముకుని, కొన్నిచోట్ల దెబ్బతిని, ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్లారు. అందుకే ఆయన అనుభవం మనకు పనికొస్తుంది.

బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన తండ్రి

రోబ్సన్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి విలియం డ్రూ రోబ్సన్ నార్త్ కరోలినాలో ఒక తోటలో బానిసగా పుట్టినవాడు. పదిహేనేళ్ల వయసులో, 1860లో అక్కడినుంచి పారిపోయి ఉత్తరానికి చేరాడు. కష్టపడి చదివి లింకన్ యూనివర్సిటీలో పట్టా పుచ్చుకున్నాడు, పాస్టర్ అయ్యాడు. ప్రిన్స్‌టన్‌లో ఇరవై ఏళ్లకు పైగా చర్చిని నడిపాక ఆయన్ని ఆ పదవి నుంచి దింపేశారు. పట్టా ఉన్న మనిషి బండి మీద ఇళ్లలోని బూడిద ఎత్తిపోసి కుటుంబాన్ని పోషించాడు. 1904లో ఇంట్లో జరిగిన అగ్ని ప్రమాదంలో తల్లి మరియా లూయిసా చనిపోయింది. పాల్‌కి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు.

మాట పలకడంలో మొదటి శిక్షణ తండ్రి దగ్గరే దొరికింది. చిన్న కొడుకును ఎదురుగా నిలబెట్టి ప్రసంగాలు చెప్పించేవాడు, ఉచ్చారణ తప్పితే మళ్లీ చెప్పించేవాడు. బానిసలకు అక్షరం నిషేధమైన చోట పుట్టిన మనిషికి మాట స్పష్టంగా పలకడం అలంకారం కాదని మనం వేరే చెప్పుకోనక్కర్లేదు.

1915లో స్కాలర్‌షిప్ మీద రట్గర్స్ కాలేజీలో చేరారు. ఆ కాలేజీ చరిత్రలో ఆయన మూడో నల్లజాతి విద్యార్థి. ఫుట్‌బాల్ జట్టులో చేరడానికి వెళ్లిన మొదటి రోజే ప్రాక్టీసు పేరుతో సొంత జట్టువాళ్లే ముక్కు పగలగొట్టారు. ఇంకో రోజు ఒకడు బూటుతో చేయి తొక్కి గోళ్లు ఊడగొట్టాడు. ఆయన మానలేదు. మరుసటి ఏడాది దక్షిణాది కాలేజీ ఒకటి నల్లవాడితో ఆడబోమని పట్టుబడితే రట్గర్స్ యాజమాన్యం ఆయన్ని పక్కన కూర్చోబెట్టింది. ఆ తర్వాత అదే రోబ్సన్ 1917లో, 1918లో దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ల జాబితాకెక్కారు. 1919లో తన బ్యాచ్ తరఫున వీడ్కోలు ప్రసంగం చేశారు.

1920లో కొలంబియా యూనివర్సిటీ లా స్కూల్లో చేరారు. అంబేడ్కర్ అదే యూనివర్సిటీలో 1913 నుంచి 1916 దాకా చదివి వెళ్లారు. ఇద్దరూ అక్కడ కలుసుకోలేదు. కానీ పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే రెండు సమాజాల నుంచి వచ్చిన ఇద్దరు నాలుగేళ్ల తేడాతో అవే మెట్లు ఎక్కారన్నది గుర్తుంచుకోదగ్గ విషయమే. రోబ్సన్ 1923లో లా పూర్తి చేసి ఒక న్యాయవాద సంస్థలో చేరారు. అక్కడ ఆయన చెప్పింది రాసుకోవడానికి తెల్లజాతి స్టెనోగ్రాఫర్ నిరాకరించింది. ఆయన ఆ ఆఫీసు వదిలేశారు. లా చదువుతుండగానే నాటకాల్లో చిన్న వేషాలు వేశారు, నల్లజాతి కళాకారులు సొంతంగా తయారు చేసిన సంగీత నాటకం షఫుల్ అలాంగ్‌లో కొన్నాళ్లు పాడారు. న్యాయవాద వృత్తి తలుపు మూసుకున్నాక రంగస్థలమే వృత్తి అయింది. 1921లో పెళ్లాడిన ఎస్లాండా గుడ్ ఆ ఎంపికకు అండగా నిలిచారు. ఆస్పత్రి ప్రయోగశాలలో రసాయన నిపుణురాలిగా పని చేస్తూ ఇల్లు నడిపింది ఆమే. తర్వాత ఆయన మేనేజరుగా పనిచేసిందీ ఆమే. ఆపైన మానవశాస్త్రం చదివి సొంతంగా పుస్తకాలు రాశారు.

చేతి మీద ఒక ముద్దు

1924లో ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ బృందం రోబ్సన్‌కు ప్రధాన పాత్ర ఇచ్చింది. నాటకం యూజీన్ ఓనీల్ రాసిన ఆల్ గాడ్స్ చిలన్ గాట్ వింగ్స్. కథానాయకుడు జిమ్ నల్లవాడు, భార్య ఎల్లా తెల్ల అమ్మాయి. జిమ్ లాయరు కావాలనుకుంటాడు, పరీక్ష ఎన్నిసార్లు రాసినా గట్టెక్కలేడు. లా పట్టా చేతిలో ఉన్న మనిషి లా పరీక్ష తప్పే నల్లవాడి వేషం వేయాల్సి వచ్చింది.

రిహార్సళ్లు నడుస్తుండగానే గొడవ మొదలైంది. ఒక సన్నివేశంలో తెల్ల నటి నల్ల నటుడి చేతిని ముద్దు పెట్టుకుంటుందని పత్రికలకు తెలిసింది. రోజూ వార్తలే. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, కూ క్లక్స్ క్లాన్ పేరుతో కూడా వచ్చాయి. నటికి జబ్బు చేసి నాటకం వాయిదా పడితే ఆ సందులో ఓనీల్‌దే ఇంకో నాటకం ది ఎంపరర్ జోన్స్‌ను రోబ్సన్ హడావిడిగా సిద్ధం చేసుకుని ఆడారు. మే 15న అసలు నాటకం మొదలయ్యే రోజున, మొదటి రంగంలో ఆడుకునే నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు స్టేజీ ఎక్కడానికి నగర అధికారులు అనుమతి ఇవ్వలేదు. దర్శకుడు జేమ్స్ లైట్ ఆ రంగాన్ని కాగితం చూసి చదివి వినిపించాడు. పిల్లలు కలిసి ఆడుకోవడం మీద కూడా నిషేధం పెట్టారంటే భయం ఎక్కడుందో అర్థమవుతుంది. కులాంతర ప్రేమ కథ తెర మీద కనబడితేనే ఉలిక్కిపడే మన ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

మరుసటి ఏడాది, 1925 ఏప్రిల్ 19న, రోబ్సన్ న్యూయార్క్‌లో పియానో కళాకారుడు లారెన్స్ బ్రౌన్‌తో కలిసి కచేరీ చేశారు. కార్యక్రమం మొత్తం నల్లవాళ్ల పాటలే. బానిసలు పొలాల్లో, ప్రార్థనల్లో పాడుకున్న భక్తి గీతాలు, పని పాటలు. ఒక గాయకుడు పూర్తిగా ఆ పాటలతోనే కచేరీ వేదిక నింపడం అప్పటికి కొత్త. తల్లిదండ్రుల తరం సిగ్గుపడి దాచుకోవాల్సి వచ్చిన పాటల్ని కచేరీ హాలు నడిమధ్యకు తెచ్చాడాయన. ఇతరుల మాటలు పలికే నాటకం ఒక చేతిలో, సొంత జనం పాట ఇంకో చేతిలో పట్టుకుని ఆయన లండన్ వెళ్లారు.

షో బోట్: రేవులో మూటలు మోసే జో

1928 మే 3న లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో షో బోట్ సంగీత నాటకం మొదలైంది. ఎడ్నా ఫెర్బర్ నవల ఆధారంగా జెరోమ్ కెర్న్ సంగీతం కట్టగా, ఆస్కార్ హామర్‌స్టీన్ పాటలు, మాటలు రాశాడు. అంతకు ముందు ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో ఆడింది. జో అనే పాత్రను రోబ్సన్ గొంతును దృష్టిలో పెట్టుకునే తయారు చేసినా, అక్కడ ఆ వేషం జూల్స్ బ్లెడ్సో వేశాడు. లండన్‌లో రోబ్సన్‌కు దక్కింది. 350 ప్రదర్శనలు నడిచాయి.

కథ మిసిసిపి నది మీద తిరిగే ఒక నాటకాల పడవది. అందులో ముఖ్య నటి జూలీ తెల్లజాతి స్త్రీగా చలామణీ అవుతుంటుంది. ఆమె తల్లి నల్లజాతి అని బయటపడుతుంది. రెండు జాతుల మధ్య పెళ్లి అక్కడి చట్టం ప్రకారం నేరం. పోలీసు వచ్చేలోగా భర్త ఆమె చేతి మీద చిన్న గాటు పెట్టి రక్తం నోటితో పీలుస్తాడు, తన ఒంట్లోనూ నల్ల రక్తం ఉందని చెప్పుకోవడానికి. అయినా ఇద్దరూ పడవ దిగి వెళ్లిపోవాల్సి వస్తుంది. అద్దె ఇంటి కోసం, హాస్టల్లో ప్రశాంతత కోసం ఇంటిపేరు దాచుకున్న వాళ్లెవరికైనా జూలీ భయం వెంటనే అర్థమవుతుంది.

ఈ కథ జరుగుతున్నంతసేపూ రేవులో పత్తి మూటలు మోసే కూలీ జో పక్కన ఉంటాడు. కథలో అతనికి మలుపు లేదు, కోరిక లేదు. నదిని చూస్తూ పాడతాడు. ఆ నది అన్నీ చూస్తూ, ఏమీ పట్టనట్టు సాగిపోతుంది. అంత చిన్న పాత్రను రోబ్సన్ నాటకానికి గుండెకాయ చేశారు.

చిక్కు మాటల్లో ఉంది. నాటకం మొదట్లోనే కూలీల బృందగానం ఒక తిట్టుతో ఎత్తుకుంటుంది. తోటల యజమానులు బానిసల్ని పిలిచిన పేరు అది. మన దగ్గర ఇవాళ కులం పేరుతో నలుగురిలో దూషిస్తే కేసు పెట్టడానికి చట్టం ఉంది. అలాంటి తిట్టును నల్లజాతి గాయకులే ఆ హాల్లో రాత్రి రాత్రీ పాడారు. జోకి ఇచ్చిన పాటలోనూ ఆ పదం ఉంది. రోబ్సన్ లండన్‌లో రాసింది రాసినట్టే పాడారు.

దీన్ని నల్లజాతి పత్రికలు వదల్లేదు. చరిత్రకారుడు జె.ఎ. రోజర్స్ లండన్‌లోని నల్లవాళ్ల అసంతృప్తిని రాశాడు. తెల్లవాళ్లు చూడాలనుకునే అణిగిమణిగి ఉండే నల్లవాడి బొమ్మనే రోబ్సన్ మళ్లీ నిలబెడుతున్నాడన్నది ఆ విమర్శ సారాంశం. ఆ విమర్శ సరైనదే అని మేము అనుకుంటున్నాం. రోబ్సన్ గొంతులోని గాంభీర్యం ఆ పదంలోని విషాన్ని కడిగేయలేదు. లండన్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది ఆ పదంతో సహా ఉన్న పాటకే. ఇలాంటి విమర్శను శత్రువుల మాటగా కొట్టిపారేయకపోవడం రోబ్సన్ గొప్పతనం. తర్వాతి పదేళ్లలో ఆయన చేసిన మార్పులే దానికి రుజువు.

వెనక్కి తగ్గిన కాళ్లు

1930లో లండన్ సవాయ్ థియేటర్‌లో ఒథెల్లో. వెనిస్ సైన్యాన్ని నడిపే నల్లజాతి సేనాని కథ. ఆ పాత్రను దశాబ్దాలుగా తెల్ల నటులు ముఖానికి రంగు పూసుకుని వేస్తూ వచ్చారు. రోబ్సన్‌కు వందేళ్ల ముందు, 1833లో, అమెరికా వదిలి వచ్చిన నల్ల నటుడు ఐరా ఆల్డ్రిడ్జ్ లండన్ కోవెంట్ గార్డెన్‌లో దాన్ని వేశాడు. ఆయన కూతురు అమాండా ఇంకా లండన్‌లోనే సంగీతం నేర్పుతున్నారు. ఆమె రోబ్సన్‌కు ఉచ్చారణలో శిక్షణ ఇచ్చారు, తండ్రి ఒథెల్లోగా పెట్టుకున్న చెవిపోగుల్ని కానుకగా ఇచ్చారు. తరం దాటి చేతికొచ్చిన వారసత్వం అది.

రిహార్సళ్లు సాఫీగా సాగలేదు. దర్శకురాలు ఎలెన్ వాన్ వోల్కెన్‌బర్గ్ నుంచి నటులకు కావాల్సిన సాయం దొరకలేదు. రోబ్సన్, డెస్డెమోనా వేషం వేసిన పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్, కాసియో వేషం వేసిన మాక్స్ మాంటిసోల్ విడిగా కలుసుకుని సొంతంగా సాధన చేసుకున్నారు. అసలు సమస్య ఇంకా లోతైనది. డెస్డెమోనా ఒథెల్లో భార్య. సన్నివేశంలో అతను ఆమెను దగ్గరకు తీసుకోవాలి. మొదటి రెండు వారాలు ఆష్‌క్రాఫ్ట్ దగ్గరకు వచ్చినప్పుడల్లా రోబ్సన్ కాళ్లు వాటంతట అవే వెనక్కి తగ్గాయి. తెల్లదొర ఇంటి ముందుగదిలోకి పొరపాటున వచ్చిన తోట కూలీలా ఉండేదట తన పరిస్థితి. తర్వాత్తర్వాత ఈ సంగతి ఆయనే బాహాటంగా చెప్పుకున్నారు.

ఇక్కడ మేము కాస్త ఆగాలనుకుంటున్నాం. ఆయన అప్పటికే యూరప్‌లో పేరు మోసిన కళాకారుడు. ఆరడుగులు దాటిన మనిషి, ఫుట్‌బాల్ వీరుడు, లా పట్టభద్రుడు. అయినా ఒంటికి ఒక లెక్క తెలుసు. అమెరికా దక్షిణాదిలో తెల్ల స్త్రీ వైపు చూశాడన్న అనుమానం చాలు, నల్లవాడిని చెట్టుకు వేలాడదీయడానికి. ఆ భయాన్ని డిగ్రీలు పోగొట్టలేదు. పెత్తందారు వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల మనవలకు, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించే మొదటి తరం విద్యార్థులకు ఈ లెక్క తెలుసు. వివక్ష ఆలోచన కంటే ముందు నడకలో, భుజాల్లో, చూపులో కూర్చుంటుంది. రోబ్సన్ దాన్ని సాటి నటుల సాయంతో, రోజూ ఆ సన్నివేశాన్నే మళ్లీ మళ్లీ చేస్తూ, ఒంట్లోంచి కొంత కొంతగా వదిలించుకున్నారు. మే 19న తెర లేచాక చివర్లో నటుల్ని జనం ఇరవై సార్లు వేదిక మీదకు పిలిచారు.

థియేటర్ పక్కనే సవాయ్ హోటల్. అంతకు కొన్ని నెలల ముందే, 1929లో, ఆ హోటల్ భోజనశాలలో రోబ్సన్‌ను కూర్చోనివ్వలేదు. ఒక గోడకు ఇటువైపు సేనాని, అటువైపు అన్నం పెట్టకూడని మనిషి. తెలంగాణ చిందు కళాకారులు రాత్రంతా రాజులుగా, దేవుళ్లుగా వేషం కట్టి ఊరిని మెప్పిస్తారు. తెల్లారితే అదే ఊళ్లో వాళ్ల చోటు గుడి బయటే. దేశాలు వేరైనా, కళాకారుడికి దండం పెట్టి మనిషిని దూరం పెట్టే పద్ధతి ఒక్కటే.

ఒక్క పాటకు పదేళ్ల సాధన

1930లలో రోబ్సన్ చదువు కొత్త దారి పట్టింది. లండన్‌లో ఆఫ్రికా భాషలు, ధ్వనిశాస్త్రం నేర్చుకున్నారు. ఆఫ్రికా, వెస్టిండీస్ విద్యార్థులతో, భారత స్వాతంత్ర్యం కోరేవాళ్లతో, ఆకలి యాత్రగా వచ్చిన వేల్స్ గని కార్మికులతో స్నేహం కలిసింది. జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. పాట ఎవరి కోసం అన్న ప్రశ్న ఆయనకు ఇక పక్కన పెట్టలేనిదైంది.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ తిన్నారు. 1935లో వచ్చిన శాండర్స్ ఆఫ్ ది రివర్ సినిమాలో ఆఫ్రికా సంస్కృతిని గౌరవంగా చూపిస్తారన్న నమ్మకంతో నాయకుడి పాత్ర వేశారు. చివరకు తెర మీదకు వచ్చింది బ్రిటిష్ సామ్రాజ్యాన్ని పొగిడే సినిమా. ఆయన ఆ సినిమాను తనది కాదన్నారు. తర్వాతి ఏడాది సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్ సినిమాకు ఒప్పుకునేటప్పుడు చివరి కూర్పు తను చూసి ఒప్పుకోవాలన్న షరతు ఒప్పందంలో రాయించుకున్నారు. నటన బాగుంటే చాలదనీ, నటించినదాన్ని ఎవరు ఎలా కూర్చుతారో కూడా చేతిలో ఉండాలనీ ఆయన నష్టపోయి నేర్చుకున్నారు.

ఇక ఆ నది పాట. 1936లో షో బోట్ సినిమాగా వచ్చినప్పుడు ఆ తిట్టు పోయింది, దాని స్థానంలో కాస్త మెత్తబడ్డ, అయినా చిన్నచూపు తొలగని ఇంకో పదం వచ్చింది. కచేరీల్లో ఆయన అదీ తీసేశారు. జాతి పేరు లేకుండా నది పేరుతోనే పాట ఎత్తుకున్నారు. ఆ ముసలి నదిలా ఉండాలన్న ఆశ ఉన్న చోట, అలా ఉండటం తనకు ఇష్టం లేదని మార్చారు. తాగి జైలు పాలయ్యే నల్లవాడు మూల పాటలో ఉన్నాడు. రోబ్సన్ పాటలో జైలుకు వెళ్లేది కాస్త ధైర్యం చూపినవాడు. చివరి చరణంలో బతుకు మీద విసుగు, చావంటే భయం ఉన్న మనిషి కనబడతాడు. ఆయన స్థానంలో, ఏడుపు మానేసి ఊపిరి ఉన్నంతకాలం కొట్లాడతానని చెప్పే మనిషిని నిలబెట్టారు. 1937 డిసెంబరులో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో స్పెయిన్ ప్రజాతంత్ర ప్రభుత్వానికి మద్దతుగా జరిగిన సభలో ఈ మార్చిన పాట పాడారు. తర్వాత నెలలోనే స్పెయిన్ యుద్ధ భూమికి వెళ్లి సైనికుల మధ్య పాడారు.

బాణీలో ఒక్క స్వరం మారలేదు. మారినవి కొన్ని మాటలే. రాసిన హామర్‌స్టీన్‌కు ఇది నచ్చలేదు. తన మాటల్ని ఎవరూ మార్చడానికి ఒప్పుకోనని, రోబ్సన్ కావాలంటే సొంత పాటలు రాసుకోవచ్చని ఆయన తర్వాత బహిరంగంగానే చెప్పాడు. హామర్‌స్టీన్ జాతి వివక్షను సమర్థించినవాడు కాదు, ఆ నాటకం తన కాలానికి ధైర్యమైనదే. మనకు మంచి చేయాలనుకున్న రచయిత కూడా మన గొంతు తను గీసిన గీత దాటితే ఎంత ఇబ్బంది పడతాడో ఇక్కడ కనబడుతుంది. రచయితకు తన మాటల మీద హక్కు ఉంది. కానీ ఆ మాటలు ఎవరి బతుకు నుంచి తీసుకున్నారో వాళ్లకు అసలు హక్కే లేదా? ఈ తగువు మన దళిత పాత్రల విషయంలో ఇంకా తెగలేదు.

కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి

1939లో అమెరికాకు తిరిగి వెళ్లారు. ఒథెల్లోను అక్కడ వేయాలన్న ఆలోచనకు నిర్మాతలు భయపడ్డారు. తెల్ల నటిని నల్ల నటుడు తాకడాన్ని అమెరికా ఒప్పుకోదన్నారు. దర్శకురాలు మార్గరెట్ వెబ్‌స్టర్ పట్టు వదల్లేదు. 1942 వేసవిలో ముందు కేంబ్రిడ్జ్‌లో, తర్వాత ప్రిన్స్‌టన్‌లో వేసి చూశారు. ప్రిన్స్‌టన్ అంటే రోబ్సన్ పుట్టిన ఊరు. తండ్రిని చర్చి నుంచి దింపిన ఊరు, నల్ల పిల్లలకు ప్రవేశం లేని యూనివర్సిటీ ఉన్న ఊరు. ఆ ఊరి వేదిక మీద ఆయన సేనానిగా నిలబడ్డారు.

1943 అక్టోబరు 19న న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలైంది. డెస్డెమోనా యూటా హేగన్, ఇయాగో హోసే ఫెరర్. 296 ప్రదర్శనలు. బ్రాడ్‌వేలో షేక్‌స్పియర్ నాటకం ఏదీ అన్ని రోజులు ఆడలేదు. తర్వాత దేశమంతా తిరిగారు. ఆ పర్యటనలో, నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే హాలులో ఆడబోమన్న షరతు పెట్టారు. 1928లో తన ముందు ఉంచిన మాటల్ని మార్చలేకపోయిన మనిషి, పదిహేనేళ్లకు కుర్చీల వరస మార్చే స్థితికి వచ్చాడు. పాత్ర, పాట, చివరి కూర్పు, ప్రేక్షకుల వరస: ఆయన పోరాటం ఒక్కో మెట్టూ ఇలా ఎక్కింది.

వేదిక లాక్కున్న రోజులు

దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1949లో పారిస్ శాంతి సభలో ఆయన మాట్లాడినదాన్ని వక్రీకరించి పత్రికలు దేశద్రోహి ముద్ర వేశాయి. ఆ ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్‌లో మొదటి కచేరీని అల్లరి మూకలు జరగనివ్వలేదు. సెప్టెంబరు 4న కార్మికులు చుట్టూ గోడలా నిలబడితే పాడారు. తిరిగి వెళ్తున్న జనం మీద రాళ్ల వర్షం కురిసింది. 1950లో పాస్‌పోర్టు రద్దు చేశారు. దేశంలో హాళ్లు ఇవ్వలేదు, రికార్డులు అమ్మనివ్వలేదు. ఏడాదికి లక్ష డాలర్లు దాటిన సంపాదన కొన్ని వేలకు పడిపోయింది. తన జాతి సంఘాల నాయకుల్లో కొందరు కూడా దూరం జరిగారు.

సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ అణచివేత గురించి ఆయన అమెరికాలో బహిరంగంగా మాట్లాడలేదన్నదీ చెప్పుకోవాలి. 1949లో మాస్కో కచేరీలో యూదుల ప్రతిఘటన గీతం పాడి అక్కడ చిక్కుల్లో ఉన్న యూదు మిత్రుల వైపు నిలబడ్డారు. ఇంటికి వచ్చాక మాత్రం మౌనంగా ఉన్నారు. మనకు నచ్చిన మనిషి జీవితంలో ఈ పేజీ చింపేసి చదవడం మాకు సరైనదనిపించలేదు.

వేదిక లేని రోజుల్లోనూ సాధన ఆగలేదు. 1952లో కెనడా సరిహద్దు మీద అమెరికా వైపు నిలబడి అవతలివాళ్లకు పాడారు. 1957 అక్టోబరులో వేల్స్ గని కార్మికుల ఉత్సవానికి సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగ మీద న్యూయార్క్ నుంచి పాడారు. పోర్త్‌కాల్ పట్టణంలో వేల మంది ఆ గొంతు విని తిరిగి పాడారు. 1958లో సుప్రీంకోర్టు తీర్పు వల్ల పాస్‌పోర్టు తిరిగొచ్చింది. 1959లో షేక్‌స్పియర్ సొంత ఊళ్లో మూడోసారి ఒథెల్లో వేశారు. తర్వాత ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. చివరి ఏళ్లు ఫిలడెల్ఫియాలో అక్క ఇంట్లో గడిపి, 1976 జనవరి 23న కన్నుమూశారు.

మన నదుల దాకా

1958లో ఆయన అరవయ్యో పుట్టినరోజును భారతదేశంలో ఘనంగా జరిపారు. నెహ్రూ మద్దతు పలికారు, బొంబాయి ప్రధాన న్యాయమూర్తి చాగ్లా కమిటీకి నాయకత్వం వహించారు. అమెరికా దౌత్యాధికారులు ఆపాలని చూసినా కార్యక్రమం ఆగలేదు. వేల మైళ్ల అవతలి జాతి వివక్షను ఖండించడానికి అప్పటి మన పెద్దలకు ఇబ్బంది లేదు. ఇక్కడి వాడల గురించి అంత గట్టిగా మాట్లాడటానికి మాత్రం అంబేడ్కర్ కావాల్సి వచ్చింది. 1946లోనే అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, రెండు సమూహాల పరిస్థితికి ఉన్న పోలికను ప్రస్తావించారు. 1972లో బొంబాయి యువకులు దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది ఆ దారిలోనే.

నది పాట కూడా వచ్చింది. కొలంబియాలో చదువుతూ న్యూయార్క్‌లో రోబ్సన్‌ను కలిసిన భూపేన్ హజారికా ఆ స్ఫూర్తితో అస్సామీ భాషలో తన పాట కట్టారు. ఆ పాట నదినే నిలదీస్తుంది, ఇన్ని బాధలు చూస్తూ ఊరికే ఎందుకు పారుతున్నావని. మిసిసిపి ఒడ్డున మూటలు మోసే కూలీ కోసం ఒక తెల్ల రచయిత రాసిన నిట్టూర్పు రోబ్సన్ నోట పోరాటమైంది, బ్రహ్మపుత్ర దగ్గర ప్రశ్న అయింది.

రేపు మన కళాబృందాల రిహార్సళ్లలో ఎవరో ఒకరికి ఒక కాగితం చేతికిస్తారు. అందులో మన కులం పేరో, మన నడకో, మన యాసో ఎవరో ఊహించినట్టు రాసి ఉంటుంది. వేషం వద్దనడం ఒక దారి. వేసి లోపలినుంచి మార్చడం ఇంకో దారి. రోబ్సన్ రెండూ చేశారు. ఏ దారి పట్టినా ఆయన వదలని పనులు రెండు: సొంత జనం విమర్శను చెవిన పెట్టడం, మార్చాల్సిన మాటను ప్రదర్శన రోజు దాకా వాయిదా వేయకుండా సాధనలోనే తేల్చుకోవడం. ఆ కాగితం చేతికొచ్చిన పిల్లలు ముందు దాన్ని గట్టిగా చదవాలి. గొంతులో అడ్డుపడిన మాట కింద గీత గీసి, దర్శకుడిని అక్కడే అడగాలి. పక్కన ఉన్న మనమంతా ఆ ప్రశ్నకు తోడు నిలబడాలి.